అడగకుండ తెచ్చిన రాళ్లు

మొన్న సమాధుల తోటల, గుంతల మన్ను పొయ్యకముందు, కరీంనగర్ నుంచి వచ్చిన మిషను పెద్దయ్యగారు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పిండు. ఆమె శాంతమూర్తి అన్నడు. ఎవ్వరినీ పల్లెత్తు మాట అనని తల్లి అన్నడు. అన్నీ దేవుని మీద వేసి ఓర్చుకున్నదన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పక్కన నిలబడ్డ ఆడోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. ఒకామె నవ్వు ఆపుకునేటందుకు కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆయన ఆమెను ఎన్నడు చూడలేదు. ఎవరో చెవిల వేసింది చెప్పిండు. కాని చచ్చిపోయినోళ్లను ఇట్ల కడిగి, తుడిచి, నున్నగ చేసి పాతిపెట్టుడు నాకు సహించదు. ఆమెల నుంచి కోపం తీసేస్తే ఇగ మిగిలేదేంది? నాలుగు ఎముకలు, ఒక నల్లంచు చీర. నేనిప్పుడు ఉండే నిర్మల్‌కు వాపసు వచ్చిన కాడి నుంచి ఇదే మనసుల తిరుగుతున్నది. అందుకే రాస్తున్న.

పేరు రాయను. ఊరంత ఆమెను పెద్దవ్వ అంటుండె. నేను గూడ అదే అన్న.

నేను ఆ ఊరికి మిషను బడి పంతులమ్మగ పోయేనాటికి ఆంధ్రప్రదేశ్ అయి ఇంక ఏడాది నిండలేదు. మాది జగిత్యాల దిక్కు. గోదావరి దాటి, నిర్మల్ తొవ్వల బస్సు దిగి, జొన్నచేన్ల నడుమ నడుచుకుంట పోతే ముందుగాల దొర గడి కనపడ్తది. ఎత్తు ప్రహరి, మూల మీద బురుజు. ఊరు దాటినంక, అవతల, మా వాడ. వాడ చివర గుడి. చర్చిని మా దిక్కు గుడి అనే అంటరు.

మంచి గుడి అది. చెక్కిన రాయి, డంగు సున్నం, కమాన్ల కిటికీలు, అడివి నుంచి తెచ్చిన టేకు దూలాలు, మీద పెంకల కప్పు. ఎండకాలం పట్టపగలు లోపల కూసుంటే ఒంటికి చల్లదనం తగులుతుండె. నేల మీద బండలు, తూర్పు దిక్కు ప్రభు భోజనం బల్ల, దాని మీద నిర్మల్ చిత్రగాళ్లు రంగులేసిన చెక్క సిలువ. అన్నీ కుదురుగ ఉన్నయి. పడమటి దిక్కు, తలుపు మీద లేచిన గోపురం మాత్రం నడుమకు నరికినట్టు ఉండె. పైన రాళ్లు ఎగుడు దిగుడు. సందులల్ల గడ్డి మొలిచి ఉండె. వాన పడితే గోపురం గోడల నడుమ నీళ్లు కారి తలుపు కాడ మడుగు కడ్తుండె.

కట్టుడు మధ్యల ఆగిపోయిందేమో అనుకున్న. ఊడుస్తున్న ముసలామెతోని అదే అన్న. మా ఇద్దరికి మొదటి మాట అదే.

"కట్టుడు ఆగలే. కట్టినంక కూలగొట్టిచ్చిండ్రు. పిలగాండ్లకు చదువు చెప్పేదానివి, గీ తేడ నువ్వు ముందుగాల తెలుసుకో" అని కసురుకున్నది.

బడి ఆ గుడిలనే నడుస్తుండె. పొద్దుగాల ఆమె ఊడ్చిపోతే, నేను పలకలు ముందలేసుకొని కూసుంటుండె. ఆదివారం వస్తే ఆమె జాగ గోపురం కింద, తలుపు పక్కన. చాప మీద కూసునేది కాదు. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని, ప్రార్థనల అందరు కండ్లు మూసుకుంటే ఆమె తెరుచుకొనే ఉండేది. ఎందుకు పెద్దవ్వా అంటే, "కండ్లు మూసుకున్నప్పుడే మావి ఎత్తుకపోయిండ్రు" అన్నది. పాటలు పాడేది కాదు. పాటల నడుమ వాక్యం చెప్పే అయ్యగారు "క్షమించుండ్రి" అన్నడంటే మాత్రం దగ్గు మొదలయ్యేది. నిజం దగ్గు కాదని అందరికి ఎరికే. అయ్యగారు మెత్తటి మనిషి. ఆ దగ్గు వినపడంగనె మాట మార్చి పరలోకం దిక్కు పోయేటోడు.

ఆమె సొంతంగ ప్రార్థన చేసుడు నేను ఒకసారి విన్న. బడి వదిలినంక పలకలు సర్దుతున్న. గోపురం గోడను అరచేత్తోని కొట్టుకుంట, ఎద్దు వీపు మీద చరిచినట్టు చరుచుకుంట, దేవునితోని కొట్లాడుతున్నది. "ఇల్లు నీది. సగం కూలగొట్టిండ్రు. నీకు లేని రోషం నాకెందుకు పెట్టినవ్?" జవాబు కొరకు నిలబడినట్టు జరసేపు నిలబడింది. తరువాత చీపురు తీసుకొని పోయింది.

నా మీద గూడ కోపమే. నేను పప్పు పలుచగ చేసుకుంటనని కోపం. గడి ముందల నుంచి పోయేటప్పుడు తల వంచుకొని పోతనని కోపం. చచ్చిపోయిన పెనిమిటి మీద అన్నిటికంటె ఎక్కువ కోపం. ఈస్టరు ముందల అందరు సమాధులకు సున్నం వేస్తరు గద, ఆమె గూడ వేసేది, మస్తు శ్రద్ధగ, మూలలు తీసి. వేసుకుంట తిడుతుండేది. "ఎందుకెక్కినవ్ పైకి? కాలు నొస్తున్నదని అబద్ధమాడరాదా?" అని.

ఆ తిట్లు దేనికో నాకు తెలిసేతందుకు కొన్ని నెలలు పట్టింది. ముక్కలు ముక్కలుగ చెప్పింది. ఒకసారి వడ్లు దంచుకుంట, ఒకసారి జ్వరంల పడుకొని, ఒకసారి నన్ను తిట్టే సందుల. అన్నీ కలిపితే కథ ఇది.

నిజాం కాలంల ఒక తెల్ల అయ్యగారు ఆ గుడి కట్టించిండు. వాళ్ల దేశంల ఊరూరికి ఉండేటసువంటి గుడి, పడమట ఎత్తు గోపురం, గోపురంల గంట. వాడంత రాయి మోసింది. గానుగల సున్నం తొక్కింది. ఆమె పెనిమిటి మేస్త్రి చేతి కింద రాతిపని నేర్చుకున్నడు. గోపురం మొదలుపెట్టినప్పుడు తెల్లాయన ఒక మాటన్నడంట, ఇంటికొక రాయి మీరే పెట్టుండ్రి, మీ ఇంటి గుర్తు దాని మీద చెక్కుండ్రి అని. అక్షరాలు ఎవరికి రావు. ఒకరు నాగలి చెక్కిచ్చుకున్నరు, ఒకరు డప్పు, ఒకరు చేప. చెప్పులు కుట్టే ఇంటాయన చెప్పు చెక్కమన్నడు. గుడి మీద చెప్పేందని కొందరు అడ్డం పడ్డరంట. తెల్లాయన నవ్వి, ఆ రాయిని తానే ఎత్తి పెట్టిండంట. పెద్దవ్వ ఇంటి గుర్తు జొన్నకంకి. పెనిమిటే చెక్కిండు. కట్టుడు అయినంక పిలగాండ్లను భుజాల మీద ఎత్తుకొని, గదే మనది, గదే మనది అని చూపెట్టుకున్నరంట. ఆ మాట చెప్పేటప్పుడు ఒక్కటే ఆమె గొంతుల కోపం లేకుండె.

ఆ గోపురం గడి గోడ కంటె ఎత్తు లేచింది. పైకెక్కితే మా ఆడోళ్లు కనపడ్తరని దొర అన్నడు. అప్పుడు చిన్న దొర, మీసాలు అప్పుడే వచ్చినోడు, తండ్రి పోయి పెత్తనం కొత్తగ చేతికి వచ్చినోడు. తెల్లాయన సెలవు మీద ఓడ ఎక్కి వాళ్ల దేశం పోయేదాక ఆగిండు. ఆయన పోయినంక వాడకు మనిషిని పంపిండు. గోడ ఎత్తుకు దించుండ్రి అని. దించేటోళ్లు ఎవరు? కట్టినోళ్లే. వెట్టికి రమ్మంటే రాను అనే కాలమా అది? పెద్దవ్వ పెనిమిటి పైకెక్కి, తాను పెట్టిన రాళ్లు తానే ఊడదీసి కిందికి దించిండు. ఆ రాళ్లను వాడోళ్లే బండ్లల్ల గడికి చేరేసిండ్రు. వాటితోని దొర పశువుల కొట్టం కట్టించుకున్నడు.

తెల్లాయన తిరిగొచ్చి కచేరీల చుట్టు తిరిగిండంట. ఏం కాలే. ఆయన గూడ పోయిండు. గంటను గోనెసంచులల్ల చుట్టి లోపల మూలకేసిండ్రు. పెనిమిటి మల్ల గుడిలకు రాలే. వాకిట్ల దాక వచ్చి, తల పైకెత్తకుండ వాపసు పోయేటోడంట. కొన్నేండ్లకు జ్వరమొచ్చి పోయిండు.

ఇదంత ఒకెత్తు. ఆ కొట్టం పెండ తియ్యనీకె పోయేది ఎవరనుకున్నరు? మా వాడ ఆడోళ్లే. పెండ తీసి, పిడకలు చేసి, ఆ గోడకే కొట్టాలె. నాగలి మీద, చేప మీద, చెప్పు మీద. పెద్దవ్వ తన ఇంటి కంకి మీద తన చేతులతోనే పిడక కొట్టింది. ఏండ్లకేండ్లు కొట్టింది. ఇది చెప్పిన దినం ఆమె ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. చేతులు చూసుకొని, "పంతులమ్మా, గీ చేతులే" అన్నది.

పోలీసు యాక్షను కాలంల దొర పట్నం పారిపోయిండు. గడికి తాళం పడ్డది. అప్పుడే తెచ్చుకుంటే అయిపోవు గద అని నేనంటే, ఊరంత భయమే ఉండె, ఏ దిక్కు నుంచి ఎవరొస్తరో తెల్వకుండె, నేను ఒక్కదాన్ని ఎన్ని పీకుదు అన్నది. దొర ఖద్దరు టోపీ పెట్టుకొని తిరిగొచ్చిండు. నేను పోయేనాటికి మీటింగులల్ల బీదల గురించి మాట్లాడుతుండె. పంచాయతి సమితులు వచ్చినయి, ఆయన ప్రెసిడెంటు అయిండు. వెట్టి పేరు పోయింది. కొట్టం పెండ మాత్రం మా ఆడోళ్లే తీస్తున్నరు.

అట్లాంటి దినాలల్ల ఒక ఆదివారం అయ్యగారు సంతోషంగ చెప్పిండు. దొరగారు పెద్ద మనసు చేసుకొని గోపురం మల్ల కట్టేతందుకు ఇటుక, సిమెంటు ఇస్తనన్నరని. పెద్దలు తల ఊపిండ్రు. కొందరు చప్పట్లు గూడ కొట్టబోయిండ్రు.

దగ్గు వినపడలే. ఆమె లేచి నిలబడింది.

"ఇటుకలెందుకు? మన రాళ్లు ఆయన కొట్టంల ఉన్నయి."

అయ్యగారు నెమ్మదిగ చెప్పజూసిండు. పాత ముచ్చట్లు తవ్వుకోవద్దు, ఒక చెంప మీద కొట్టినోనికి ఇంకో చెంప చూపమన్నడు గద ప్రభువు అన్నడు.

"గా ప్రభువే ఒక దినం గుడిల బేరగాండ్ల మీద కొరడా గూడ పట్టిండు. అది మీరు ఎన్నడు చెప్పరేంది అయ్యగారూ?" అన్నది.

అయ్యగారు ఆశీర్వాదం చెప్పి ముగించిండు. బయట పెద్దమనుషులు ఆమెను పక్కకు పిలిచి, వచ్చేది పోగొడ్తున్నవ్ అని కోపం చేసిండ్రు. ఆమె మాట్లాడకుండ ఇంటికి పోయింది. ఆమె మాట్లాడకపోతే నాకు భయం అయింది.

తెల్లారి బడి మొదలుపెడుతుంటే గడ్డపార భుజాన వేసుకొని వాకిట్ల నిలబడ్డది. పిలగాండ్లను ఇండ్లకు పంపి నాతోని రా అన్నది. నేనేం చెయ్యాలె అంటే, "నువ్వేం చెయ్యొద్దు. చూడు. రేపు ముసల్ది దొంగతనానికి వచ్చిందంటరు. కండ్లతోని చూసినోళ్లు ఒకరుండాలె" అన్నది. పోయిన. ఆమె నడి ఊర్లకెళ్లి నడిచింది. అంగళ్ల కాడ మనుషులు లేచి చూసిండ్రు.

కొట్టంల ఆడోళ్లు పెండ తీస్తున్నరు. పెద్దవ్వ సీద గోడ కాడికి పోయి, పిడకలు ఊడబీకి, గోటితోని గీకింది. కంకి బయటపడ్డది. గింజలు సుత విడివిడిగ కనపడ్డయి. జరసేపు చూసి, సందుల గడ్డపార పెట్టింది.

జీతగాండ్లు ఉరికొచ్చిండ్రు గని ముసలామె మీద చెయ్యి వెయ్యాల్నంటే వెనుకాముందాడిండ్రు. ఇంతల దొరనే వచ్చిండు. తెల్లటి ధోవతి, భుజం మీద కండువ. నన్ను చూసి, బయటామె ఉన్నదనేమో, నవ్వు మొహం పెట్టిండు.

"ఏమే, పిచ్చిదానా, రాళ్లు కావాల్నంటే అడగరాదా? అడిగితే ఇయ్యకపోదునా?"

ఆమె గడ్డపార ఆపలే. మొహం గూడ తిప్పలే.

"అడగ. అడిగితే నువ్వు ఇచ్చినట్టయితది."

నేను ఆ మాట ఎన్నో సార్లు తలుచుకున్న. ఇయ్యాల్టిదాక దానికి మించిన మాట ఎవరి నోట వినలే.

దొర నవ్వు పోయింది. సైగ చేస్తే ఒక జీతగాడు గడ్డపార గుంజిండు. ఆమె వెనుకకు పడ్డది, మోచెయ్యి పగిలి నెత్తురు కారింది. పడ్డకాన్నుంచే, కదిలిన రాయి మీద కాలు పెట్టి తన్నింది. రాయి బయటికొచ్చి పెండల పడ్డది. అప్పుడు, పెండ తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె ఆ తట్టను దొర ముందలనే కింద పడేసి, వచ్చి పెద్దవ్వను లేపింది. ఆమె ఇంటి గుర్తు చేప. తరువాత ఇంకొకామె. చేతులు గూడ కడుక్కోకుండ గోడ గీకుడు మొదలుపెట్టిండ్రు.

పోలీసు పటేలు వచ్చి పెద్దవ్వను ఠానాకు తోలుకపోయిండు. వెనుక మేమంత నడిచినం. ఠానాల అమీను, అంటే ఎస్సై, ముందు గద్దించిండు. రాళ్ల మీద మీ పేర్లున్నయా అన్నడు. ఆడోళ్లు ఒకరి తరువాత ఒకరు తమ ఇంటి గుర్తు చెప్పిండ్రు. నేను చూసింది నేను చెప్పిన. అమీను ఎక్కడి మనిషో గని, కుర్చీల నుంచి లేచి, జీపు తీసుకొని పోయి గోడ చూసొచ్చిండు. వచ్చి పెద్దవ్వకు కుర్చీ వేయమన్నడు. ఆమె కూసోలే. దొరకు కబురు పంపిండు, ఇది కేసు చేస్తే మీకే పరేషాని అని.

దొర తెలివిగలోడు. రెండు దినాలు తిరగక ముందే సమితి ఆఫీసుల చెప్పిండు, గుడికి రాళ్లు నేను దానం చేస్తున్నని. రాళ్లు తెచ్చేతందుకు తన బండ్లు పంపిండు. పెద్దవ్వ ఆ బండ్లను వాడ మొగదల నిలబడి ఖాళీగ వాపసు తోలింది. మా రాళ్లు మేమే తెచ్చుకుంటం అన్నది. ఆ ఎండకాలం వాడంత మోసింది. నేను మోసిన, అయ్యగారి భార్య మోసింది, సిగ్గుపడుకుంట పెద్దమనుషులు గూడ మోసిండ్రు. రాళ్లు చెరువు కాడ కడుగుతుంటే పెండ పొరలు పొరలుగ లేచేది. పెండ తియ్యనీకె మాత్రం ఆ దినం నుంచి మా వాడ ఆడది ఒక్కతె గూడ గడికి పోలే.

గోపురం లేచింది. గంట పైకెక్కింది.

ప్రతిష్ఠ దినం గుడి ముందల పందిరి వేసిండ్రు. మిషను పెద్దలు వచ్చిండ్రు. దొర వచ్చిండు. ఆయనకు మొదటి దండ వేసిండ్రు. ఈ రాళ్లు ఇచ్చిన దాత అని, ఇసువంటి దొర ఉండుడు మీ అదృష్టమని, ఒక పెద్దాయన వాడోళ్లకు చెప్పిండు. మా అయ్యగారు తల వంచుకొని కూసున్నడు. అన్నీ ఎరిగిన మనిషి, ఒక్క మాట అనలే. నేను పెద్దవ్వ కొరకు చూసిన. ఆడోళ్లల్ల లేదు.

దొర మాట్లాడేతందుకు లేచిండు. గొంతు సవరించుకున్నడు. "నేను ఈ రాళ్లు..." అన్నడు. గంట మోగింది.

ఆగిండు. గంట ఆగింది. జనం నవ్వు మొహాలు పెట్టిండ్రు, ఏదో పొరపాటు అనుకొని. మల్ల నోరు తెరిచిండు. మల్ల మోగింది. అది ఆదివారం పిలుపు గంట కాదు. ఊరు అంటుకున్నప్పుడు కొట్టే గంట. మా అయ్యగారు ఉరికి తలుపు తట్టిండు. లోపల గడియ పెట్టి ఉన్నది. దొర నోరు మూస్తే గంట మూగది, నోరు తెరిస్తే మోత. ఆఖరికి ఆయన దండ తీసి కుర్చీ మీద పడేసి, మొహం ఎర్రగ చేసుకొని, జీపెక్కి పోయిండు. జీపు మోత వినపడకుండ అయినంక తలుపు తెరుచుకున్నది. పెద్దవ్వ బయటికొచ్చింది. తాడు ఒరుసుకొని అరచేతుల తోలు లేచిపోయింది. పందిట్ల నడుమకెళ్లి నడిచి ఇంటికి పోయింది.

మిషను పెద్దలు శిక్ష వేసిండ్రు. దొరకు, అయ్యగార్లకు అందరి ముందల క్షమాపణ చెప్పేదాక ఆమెకు ప్రభు భోజనం, గుడిల అందరికి ఇచ్చే రొట్టె రసం, లేదన్నరు. కూలగొట్టినోనికి దండ, మోసినామెకు శిక్ష. నేను మా అయ్యగారి ఇంటికి పోయి అడిగిన, మీరెందుకు నోరు విప్పరని. నా చేతుల ఏమున్నది బిడ్డా అన్నడు. అదే మాట ఆయన జీవితమంత అన్నడనుకుంట.

ఆమె గుడి మానలే. ప్రతి ఆదివారం వచ్చింది. అందరు లేచి బల్ల కాడికి పోయి మోకాళ్ల మీద ఉంటే, ఆమె తన జాగల గోడకు ఆనుకొని కూసునేది. ఏండ్లు గడిచినయి. జుట్టు ముగ్గుబుట్ట అయింది. క్షమాపణ రెండు ముక్కలు చెప్తే పోయె గద అని అడగనోళ్లు లేరు. నేను మాత్రం అడగలే.

ఆ అయ్యగారు బదిలీ అయి కొత్తాయన వచ్చిండు, మెదక్ దిక్కు పిలగాడు, సన్నటి మనిషి. వాడల ఇల్లిల్లు తిరిగి అందరి దగ్గర అన్నీ విన్నడు. మొదటి ప్రభు భోజనం ఆదివారం, అందరికి ఇచ్చినంక, రొట్టె పళ్లెం పట్టుకొని బల్ల కాడి నుంచి కదిలిండు. చాపల నడుమకెళ్లి గోపురం కాడిదాక నడిచి, ఆమె ముందల మోకాళ్ల మీద కూసున్నడు. పెద్దమనుషులల్ల గుసగుస లేచింది. ఆయన వెనుకకు తిరిగి చూడలే.

పెద్దవ్వ ఆయన్ని కింది నుంచి మీది దాక చూసింది.

"నేను ఎవరికి క్షమాపణ చెప్పలే అయ్యగారూ."

"తెలుసవ్వా."

"చెప్ప గూడ చెప్ప. గా మనిషి మల్లొచ్చి మా రాళ్లు నావంటే, మల్ల గంట కొడ్త."

ఆయన పళ్లెం ఆమె చేతికి దగ్గర పెట్టిండు.

"కొట్టవ్వా" అన్నడు.

ఆమె రొట్టె తీసుకొని నోట్ల వేసుకున్నది. మెల్లగ, ఆకలైనోళ్లు తిన్నట్టు నమిలి తిన్నది.